గట్టు మీది ఆర్జియోపి ఏ జాతి? ఫోటో నుంచి మైక్రోస్కోపు దాకా

వానలు తగ్గి వరి పొట్టకొచ్చే రోజుల్లో పొలంగట్టు వెంట నడిస్తే, మోకాలి ఎత్తులో ఒక గుండ్రటి గూడు, దాని నడుమ తెల్లటి మెలికల కుట్టు, ఆ కుట్టు మీద తలకిందులుగా కూర్చున్న సాలీడు కనిపిస్తాయి. ఎనిమిది కాళ్లనూ జతలుగా కూర్చి, ఇంటూ గుర్తు గీసినట్టు చాపుకుని ఉంటుంది. వీపు మీద పసుపు, గోధుమ పట్టీలు. దీన్ని సిగ్నేచర్ స్పైడర్ అంటారు. ప్రజాతి, అంటే దగ్గరి జాతులన్నిటికీ కలిపి పెట్టిన పేరు, ఆర్జియోపి. 1826లో ఓడువాన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు ఇది. ప్రపంచం మొత్తం మీద ఈ ప్రజాతిలో ఎనభైకి పైగా జాతులు ఉన్నాయి.

ఇది ఆర్జియోపి అని చెప్పడం తేలిక. ఏ ఆర్జియోపి అన్నదే అసలు పని. మన దేశంలో తీసిన పసుపు పట్టీల ఆర్జియోపి ఫోటో ఎవరికి చూపించినా ఒకరు అనసూజ అంటారు, మరొకరు పుల్కెల్లా అంటారు. రెండూ ఆర్జియోపిలో జాతుల పేర్లే. ఇద్దరూ వీపునే చూసి మాట్లాడుతుంటారు. నా మాట ఏమిటంటే, వీపు చూస్తే గుంపు తెలుస్తుంది, కడుపు కింద చూస్తేనే జాతి తేలుతుంది. ఆ వరసలోనే పని ఎలా చేయాలో చెబుతాను. పద్ధతి ఆర్జియోపికి చెబుతున్నా, గూళ్లు కట్టే వేరే ప్రజాతులకూ చాలావరకు ఇదే దారి.

చేతిలో ఏముండాలి

పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం, మాక్రో ఫోటో తీయగల ఫోన్ లేదా కెమెరా, మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు, పెన్సిలు, నోటు పుస్తకం. పెన్సిలే ఎందుకంటే, తర్వాత నమూనా దాచే ఇథనాల్ (ఆల్కహాల్) సీసాలో చీటీ వేయాల్సి వస్తే బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది. మైక్రోస్కోపు అందరికీ ఉండదు. దగ్గరలోని డిగ్రీ కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో స్టీరియో మైక్రోస్కోపు ఉంటుంది, అడిగి చూడండి.

సొంత పొలంలోనో పెరట్లోనో చూసి ఫోటో తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాలు, రిజర్వు అడవుల్లో సాలీడును పట్టాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. విదేశంలో ఉన్న నిపుణుడికి నమూనా పోస్టులో పంపేద్దాం అనుకోకండి. జీవవైవిధ్య చట్టం 2002 కింద దానికి వేరే లాంఛనాలున్నాయి. ఫోటోలు, కొలతలు పంపడానికి ఏ అడ్డూ లేదు.

ఆర్జియోపి కరుస్తుందేమో అన్న భయం అక్కర్లేదు. మనిషికి ప్రమాదం చేసే సాలీడు కాదు. ముట్టుకుంటే గూడు వదిలి కిందికి జారిపోతుంది, అంతే.

మొదటి అంచె: ప్రజాతి ఖాయం చేసుకోండి

అందరూ దాటేసే అంచె ఇది. గుండ్రటి గూడు కట్టి నడుమ కూర్చునేవన్నీ ఆర్జియోపి కావు.

గూడు బంగారు రంగులో మెరుస్తూ, రెండు చెట్ల మధ్య మనిషి ఎత్తున ఉంటే అది నెఫిలా. దాని ఉదరం పొడుగ్గా స్తంభంలా ఉంటుంది. గూడు నిలువుగా కాకుండా గుడారంలా అడ్డంగా, పైనా కిందా చిక్కు దారాలతో ఉంటే సిర్టోఫోరా. పగలు ఆకు మడతలో దాక్కుని చీకటి పడ్డాక గూడు నేసే బొద్దు సాలీడైతే నియోస్కోనా కావచ్చు. ఆర్జియోపి పట్టపగలే నడిబొడ్డున కూర్చుంటుంది.

కాస్త తిప్పలు పెట్టేది జియా అనే చుట్టం. ఆర్జియోపికి అతి దగ్గరి ప్రజాతి, చిన్నది, మన దగ్గరా ఉంది. తేడా తేలాలంటే రెండు చోట్ల చూడాలి. ఒకటి, తలా రొమ్మూ కలిసిన ముందు భాగం, అంటే శిరోవక్షం. ఆర్జియోపిలో దాని మీద వెండి రంగు చదునైన సన్నటి వెంట్రుకలు దట్టంగా పరుచుకుని ఉంటాయి. ఎండలో తగరపు కాగితంలా మెరుస్తుంది. రెండు, కళ్ల అమరిక. ఎనిమిది కళ్లు రెండు వరసల్లో ఉంటాయి. ఆర్జియోపిలో వెనక వరస కొసలు బాగా ముందుకు వంగి ఉంటాయి. ముందు వరసలో పక్కలనున్న కళ్లు, వాటి వెనకున్న పక్క కళ్లకంటే చిన్నవి. భూతద్దంతో ముఖాన్ని ఎదురుగా చూస్తే ఇది కనబడుతుంది. వెండి వెంట్రుకలు, వంగిన వెనక కళ్ల వరస, నడుమ కూర్చునే అలవాటు, ఈ మూడూ కలిస్తే ఆర్జియోపి అని రాసుకోవచ్చు.

తెల్లటి కుట్టును మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. దాన్ని స్టెబిలిమెంటం అంటారు. పురుగుల్ని ఆకర్షించడానికా, పక్షుల కంటపడి గూడు చెడిపోకుండానా, సాలీడు రూపాన్ని మరుగు చేయడానికా అన్న చర్చ ఇంకా తెగలేదు. వేరే ప్రజాతుల సాలీళ్లూ ఇలాంటి కుట్లు వేస్తాయి. ఒకే జాతి ఆర్జియోపి ఒకరోజు ఇంటూ గుర్తులోని నాలుగు కొమ్మలూ కుడుతుంది, మరునాడు ఒకటే కుడుతుంది, ఒక్కోసారి అసలు కుట్టదు. పిల్లలు చేసేది గుండ్రటి చాప లాంటి కుట్టు. కుట్టును బట్టి జాతి చెప్పేవాళ్లను నమ్మకండి.

రెండో అంచె: పెద్దదా పిల్లా, ఆడా మగా

జాతి లక్షణాలన్నీ ఎదిగిన సాలీడుకే రాసి ఉంటాయి. పిల్లల రంగులు ప్రతి కుబుసంతోనూ మారతాయి. కాబట్టి ముందు వయసు తేల్చుకోవాలి.

మీ కంట పడేది దాదాపు ఎప్పుడూ ఆడదే. మగది నాలుగైదు మిల్లీమీటర్ల గోధుమ రంగు పురుగు. అదే గూటి అంచునో, పక్కనే కట్టుకున్న చిన్న దారం మీదో వేలాడుతూ ఉంటుంది. ముఖం ముందున్న పొట్టి కాళ్లలాంటి రెండు పాల్ప్‌ల కొసలు ఉబ్బి నల్లగా ఉంటే ఎదిగిన మగది.

ఆడదాని వయసు ఉదరం కింద తెలుస్తుంది. ఉదరం ముందు భాగంలో, రెండు పుస్తకాకార ఊపిరితిత్తుల మూతల మధ్య, ఒక అడ్డ గీత ఉంటుంది. దానికి ఆనుకుని గట్టిగా, ముదురు రంగులో, పైకి ఉబ్బిన నిర్మాణం ఉంటే అది ఎపిగైన్, అంటే ఆడ జననాంగపు పై కవచం. ఉంటే ఎదిగినది. ఆ చోట నున్నగా ఉన్నా, లేత రంగులో కొద్దిగా మాత్రమే ఉబ్బినట్టున్నా ఇంకా ఒకటో రెండో కుబుసాలు మిగిలి ఉన్నాయన్నమాట. అలాంటిదానికి జాతి పేరు పెట్టే ఆలోచన మానుకుని, ఆ గూడు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. ఆర్జియోపి ఒకచోట కుదురుకుంటే అంత త్వరగా కదలదు. కొన్ని రోజులాగి మళ్లీ వెళ్తే అదే గట్టున అదే సాలీడు ఎదిగి ఉండవచ్చు.

మూడో అంచె: గూటికి రెండు వైపుల నుంచీ ఫోటోలు

ఈ ప్రజాతి మనకు చేసే మేలు ఒకటుంది. గూటి నడుమ కూర్చుంటుంది కాబట్టి ఒక వైపు నుంచి వీపు, ఎదురు వైపు నుంచి కడుపు కనబడతాయి. పట్టకుండానే రెండూ తీయవచ్చు. గూడు కొద్దిగా వాలి ఉంటుంది, సాలీడు వాలు కిందివైపున ఉంటుంది. కాబట్టి వీపు కావాలంటే కిందివైపుకు, కడుపు కావాలంటే పైవైపుకు వెళ్లాలి.

మెల్లగా వెళ్లండి. మీ నీడ గూటి మీద పడితే అది రెండు మూడు పద్ధతుల్లో స్పందిస్తుంది. మొదట గూటిని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతుంది, ఎంత జోరుగా అంటే సాలీడు రూపం మసకబారుతుంది. ఇంకా దగ్గరికి వెళ్తే నడుమనున్న కంత గుండా రెండో వైపుకు దాటేస్తుంది. అదీ కుదరకపోతే జారి గడ్డిలో పడుతుంది. ఊపడం మొదలుపెట్టగానే అక్కడే ఆగండి. నిమిషంలో సద్దుమణుగుతుంది.

తీయాల్సినవి ఇవి. వీపు నిలువుగా, కాళ్లన్నీ వచ్చేలా ఒకటి. ఉదరం వీపు మాత్రం నిండుగా ఒకటి. కడుపు మొత్తం ఒకటి. ఎపిగైన్ ఒక్కటే, వీలైనంత దగ్గర్నుంచి, పక్కనుంచి వెలుతురు పడేలా మూడు నాలుగు. పక్కవాటున ఒకటి, ఇందులో ఎపిగైన్ ఎంత ఉబ్బెత్తుగా ఉందో తెలియాలి. గూడు మొత్తం, ఏ మొక్క మీదుందో తెలిసేలా ఒకటి. సాలీడు ఉన్న తలంలోనే స్కేలు పట్టుకుని ఒకటి. ఫ్లాష్ నేరుగా కొడితే వెండి వెంట్రుకలు మెరిసి కళ్లు కనబడవు. తెల్లకాగితం అడ్డం పెట్టి వెలుగును మెత్తబరచండి.

నోటు పుస్తకంలో తేదీ, ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, మొక్క, నేల నుంచి ఎత్తు రాయండి. ఉదయం నీరెండలో తీసిన ఫోటోలో పసుపు నారింజలా పడుతుంది కాబట్టి సమయం కూడా రాస్తే మంచిది.

నాలుగో అంచె: వీపును బట్టి గుంపులు

ఇప్పుడు ఉదరం వీపు చూడండి. మన ప్రాంతంలో కనిపించే ఆర్జియోపిలను మొదట ఆకారంతో విడదీస్తే సగం పని తగ్గుతుంది.

ఉదరం అంచులు కోసినట్టు లోతైన ముడతలుగా, చదునుగా, వెండి తెలుపుగా ఉంటే లొబాటా. 1772లో పల్లాస్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. దక్షిణ యూరపు, ఆఫ్రికా నుంచి ఆసియా దాకా విస్తరించిన జాతి. ఆ అంచులు చూశాక దీన్ని మరొకటనుకోవడం కష్టం.

ఉదరం కోలగా, భుజాలు లేకుండా, పసుపు నేల మీద అడ్డంగా చాలా సన్నటి నల్ల గీతలు గీసినట్టుండి, వాటి మధ్య ఒకటి రెండు ముదురు పట్టీలు ఉంటే ఈమ్యులా. 1841లో వాల్కనేర్ వర్ణించిన జాతి. మన ఆర్జియోపిలలో పెద్దది ఇదే, ఆడది 20 మిల్లీమీటర్లు దాటుతుంది. పొడవాటి గడ్డిలో, గట్ల మీద వెతకండి. ట్రైఫాసియాటా అనే జాతి కూడా సన్నగీతలతోనే ఉంటుంది కాబట్టి, గీతలు కనిపించగానే పని అయిపోయిందనుకోకండి.

కోల ఉదరమే, కానీ సన్నగీతలు లేకుండా ముదురు ఎరుపు గోధుమ రంగు, తెల్లచుక్కలు, శిరోవక్షం కూడా ఎర్రగోధుమగా ఉంటే కాటెన్యులాటా వైపు ఆలోచించండి. డోలెషాల్ 1859లో వర్ణించాడు. ఇండియా నుంచి ఫిలిప్పీన్స్, న్యూగినీ దాకా ఉంది, వరిపొలాల సాలీళ్ల జాబితాల్లో దీని పేరు వస్తుంటుంది.

ఉదరం ముందు వైపు అడ్డంగా తెగినట్టుండి, భుజాలు తేలి, మొత్తం మీద అయిదు మూలల ఆకారం, దాని మీద వెడల్పాటి పసుపు పట్టీలు, వాటి మధ్య గోధుమ పట్టీలు ఉంటే అసలు తగాదా గుంపులోకి వచ్చారు. ఇందులో అనసూజ, పుల్కెల్లా ఉన్నాయి. రెండింటినీ వర్ణించింది ఒకరే, స్వీడన్‌కు చెందిన టామర్లాన్ థోరెల్. పుల్కెల్లాను 1881లో, అనసూజను 1887లో.

ఈ రెండూ ఎక్కడెక్కడ ఉంటాయో చూడండి. అనసూజది మన పశ్చిమం వైపు పరుచుకున్న రాజ్యం: సీషెల్స్, మాల్దీవులు, పాకిస్తాన్, ఇండియా. పుల్కెల్లాది తూర్పు వైపు: ఇండియా నుంచి చైనా, జావా దాకా. రెండూ కలిసేది మన దేశంలోనే. అందుకే పాకిస్తాన్‌లో గానీ థాయ్‌లాండ్‌లో గానీ ఇంత తలనొప్పి లేదు, ఇక్కడ ఉంది. ఇంకో చిక్కు. పుల్కెల్లా అని వెతికితే ఇంటర్‌నెట్‌లో ఎక్కువగా ఆగ్నేయాసియా ఫోటోలే వస్తాయి. అక్కడ వెర్సికలర్ అనే దాని పోలిక జాతి ఒకటి తిరుగుతుంది. ఆ ఫోటో ముందు పెట్టుకుని మన గట్టు మీదిదాన్ని పోల్చడమంటే తప్పుదారి పట్టినట్టే.

వీపు మీద ఏం రాసుకోవాలో చెబుతాను. పసుపు పట్టీలెన్ని. వాటి మధ్య సన్నటి ముదురు గీతలున్నాయా. వెనకనున్న గోధుమ పట్టీ ఏకంగా ఉందా, తెగిందా. అందులో తెల్లని, నీలి తెల్లని చుక్కలున్నాయా, ఉంటే ఎన్ని జతలు. కాళ్ల మీద పట్టీలు ఏ కణుపు దగ్గర. వీటిని తీర్పుగా కాక వాంగ్మూలంగా రాసుకోండి. ఇప్పుడే కుబుసం విడిచినదానికి రంగులు లేతగా ఉంటాయి, గుడ్లతో ఉన్నదానికి ఉదరం ఉబ్బి పట్టీలు సాగిపోతాయి, గుడ్లు పెట్టాక అదే ఉదరం ముడుచుకుని చుక్కలు పట్టీల్లో కలిసిపోతాయి. ఒకే సాలీడు నెల తిరిగేలోపు మూడు రకాలుగా కనబడవచ్చు.

కొలతల్లో కూడా ఇదే జాగ్రత్త. ఉదరం తిండిని బట్టి, గుడ్లను బట్టి పెరిగి తగ్గుతుంది. శిరోవక్షం గట్టి పెంకు, ఎదిగాక మారదు. మొత్తం పొడవు రాసినా, నమ్మకంగా పోల్చడానికి శిరోవక్షం పొడవు వెడల్పులు, కాళ్ల భాగాలైన ఫీమర్, పటెల్లా, టిబియా, మెటాటార్సస్, టార్సస్ విడివిడిగా కొలిచి పెట్టుకోవాలి. అనసూజ ఆడది 8 నుంచి 12 మిల్లీమీటర్లు అని పుస్తకాలు చెబుతాయి. పొడవు చెప్పేటప్పుడు కాళ్లు కలపకూడదు. చాలామంది అరచెయ్యంత అనేది కాళ్లతో కలిపి.

అయిదో అంచె: ఎపిగైన్

సాలీళ్ల శాస్త్రమంతా దీని మీదే నడుస్తుంది. ఒక జాతి మగవాటి పాల్ప్, అదే జాతి ఆడవాటి ఎపిగైన్ ఒకదానికొకటి అమరేలా ఉంటాయి. రంగులు మారినా ఈ గట్టి భాగాలు ఎదిగాక మారవు, పక్క జాతికీ దీనికీ తేడా బాగా నిలుస్తుంది.

ఆర్జియోపి ఎపిగైన్‌లో చూడాల్సినవి నాలుగు. ముందువైపు ఉబ్బిన అడ్డ అంచు, దాన్ని రిమ్ అంటారు. నడుమ నిలువుగా సెప్టమ్ అనే గోడ. గోడకు అటూ ఇటూ రెండు గుంటలు, వాటిలోనే పాల్ప్ కొస దూరే రంధ్రాలు. వెనక ఒక పలక. జాతి తేడాలు రిమ్ ఎంత వెడల్పు, సెప్టమ్ ఎంత సన్నం, వెనక పలక ఏ ఆకారం అన్నవాటిలో ఉంటాయి. ఒక్క కిందివైపు చిత్రం సరిపోదు. వెనకనుంచి చూసిన దృశ్యం తప్పనిసరి, పక్కవాటు కూడా ఉంటే మేలు. 1983లో సాలీళ్ల నిపుణుడు హెర్బర్ట్ లెవీ పశ్చిమ పసిఫిక్ ప్రాంతపు ఆర్జియోపి, జియాల సమీక్ష రాసినప్పుడు చిత్రాలు ఇలాగే అనేక దిక్కుల నుంచి ఇచ్చాడు. మీ ఫోటోను పోల్చేటప్పుడు కిందివైపుదాన్ని కిందివైపుతో, వెనకదాన్ని వెనకతో పోల్చండి. దిక్కు పది డిగ్రీలు మారితే సెప్టమ్ వెడల్పే మారినట్టు కనబడుతుంది.

మైక్రోస్కోపు కింద పెట్టాలంటే నమూనా కావాలి. అనుమతి ఉన్న చోట, ఎదిగిన ఆడదాన్ని ఒకటే తీసుకుని 70 నుంచి 75 శాతం ఇథనాల్‌లో వేయండి. డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించే ఉద్దేశముంటే ముందే ఒక కాలు తీసి 95 శాతం పైబడిన ఇథనాల్‌లో విడిగా పెట్టాలి; నీళ్లు ఎక్కువున్న ఇథనాల్‌లో డీఎన్‌ఏ పాడవుతుంది.

చిన్న గాజు గిన్నెలో సన్నటి ఇసుక పోసి, దాని మీద ఇథనాల్ పోసి, సాలీడును వెల్లకిలా ఇసుకలో కుదురుగా ఆనించండి. దొర్లిపోకుండా ఇసుకే పట్టుకుంటుంది, కావలసిన వాలుకు తిప్పుకోవచ్చు. దీపం పక్కనుంచి పెట్టండి. మొదట ఒక ముదురు గోధుమ ముద్దలా కనిపిస్తుంది. సన్నటి కుంచెతో వెంట్రుకలు పక్కకు నెడితే రిమ్ వంపు తేలుతుంది, తర్వాత నడుమ గోడ, దాని నీడలో రెండు గుంటలు. అప్పుడు ఒక గుంటలోనుంచి నల్లగా, నిగనిగలాడుతూ, వంకర తిరిగిన ముల్లు లాంటిది బయటికి పొడుచుకుని కనిపించిందా? అది ఎపిగైన్‌లో భాగం కాదు. మగదాని పాల్ప్ కొస, ఎంబోలస్. ఆర్జియోపిలలో జతకట్టేటప్పుడు అది విరిగి లోపలే ఉండిపోతుంది, తర్వాత వచ్చే మగవాటికి అడ్డుపడుతుంది. ఆ మగదాన్ని ఆడది చాలాసార్లు అక్కడికక్కడే తినేస్తుంది కూడా. రెండు గుంటల్లోనూ ముళ్లుంటే రెండు పాల్ప్‌లూ పని కానిచ్చాయన్నమాట, ఒకే మగదానివో ఇద్దరివో.

ఈ ముల్లును జాతి లక్షణంగా బొమ్మ గీస్తే రెండు బొమ్మలు రెండు జాతుల్లా కనబడతాయి. మరోవైపు ఇదే మనకు వరం. సాలీళ్ల నిపుణుడు పీటర్ యేగర్ 2012లో ఆర్జియోపి మీద రాసిన సమీక్షలో ఆడవాటిలో విరిగి మిగిలిన ఎంబోలస్‌ల మీదే ప్రత్యేకంగా దృష్టి పెట్టాడు. మగది దొరకకపోయినా దాని ముక్క ఆడదానిలో దొరుకుతుంది. ఆ ముక్క ఆకారం ఏ జాతి మగదానితో కలుస్తుందో చూస్తే, ఆడా మగా ఒకే జాతివని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు ఏం కావాలి.

లోపలి సంచులు కూడా చూడాలనుకుంటే ఎపిగైన్‌ను సన్నటి సూదితో చుట్టూ కోసి తీసి, లవంగ నూనెలో వేయాలి. కాసేపటికి కండ పారదర్శకమై గట్టి భాగాలు తేలతాయి. కోసిన ముక్కను చిన్న గొట్టంలో వేసి, అదే సాలీడు ఉన్న సీసాలోనే ఉంచండి. వేరే సీసాలో పెడితే ఏ ముక్క ఏ సాలీడుదో కొన్నాళ్లకు ఎవరికీ తెలియదు.

మగది దొరికితే ఎడమ పాల్ప్‌ను రెండు వైపుల నుంచీ చూడండి. సాలీళ్ల బొమ్మలు సాధారణంగా ఎడమ పాల్ప్‌వే ఉంటాయి. ఎంబోలస్ మెలిక, మీడియన్ అపోఫిసిస్ అనే నడిమి కొమ్ము ఆకారం, ఈ రెండూ ముఖ్యం. ఒక ఎంబోలస్ కొస మొద్దుగా ఉంటే, అది ఇప్పటికే విరిగిన మగది; రెండో పాల్ప్ చూడండి.

ఆరో అంచె: ఆ పేరు ఇంకా చెల్లుతుందా

బొమ్మ కలిసింది, పేరు దొరికింది. ఆ పేరు ఈరోజు చెల్లుబాటులో ఉందో లేదో చూడకుండా రాయకండి. దీనికి ఇంటర్‌నెట్‌లో వరల్డ్ స్పైడర్ కేటలాగ్ అనే సాలీళ్ల పేర్ల జాబితా ఉంది. నార్మన్ ప్లాట్నిక్ మొదలుపెట్టిన పని ఇది, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియం నడుపుతోంది. 2022 ఏప్రిల్‌లో అందులో సాలీళ్ల జాతుల లెక్క 50,000 దాటింది. ఉచితంగా ఖాతా తెరిస్తే పాత వ్యాసాలు కూడా చదవవచ్చు. ఒక జాతి పేజీ తెరిస్తే, ఎవరెవరు దాని బొమ్మలు వేశారు, ఆడదానివా మగదానివా, వాళ్లు ఏ పేరుతో వేశారు అన్నదంతా వరసగా ఉంటుంది. మన దేశపు పాత పుస్తకాల్లో ముఖ్యమైనది బి.కె. టికాదర్ రాసి జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1982లో వేసిన సంపుటం. దాన్ని పక్కన పెట్టుకోండి, కానీ అందులోని ప్రతి పేరునూ కేటలాగ్‌లో సరిచూసుకోండి. నలభై ఏళ్లలో పేర్లు కలిసిపోయాయి, విడిపోయాయి.

పేరు రాసే పద్ధతిలో ఒక చిన్న సంగతి కొత్తవాళ్లను తికమకపెడుతుంది. ఆర్జియోపి అనసూజ థోరెల్, 1887 అని బ్రాకెట్లు లేకుండా రాస్తారు. ఆర్జియోపి ఈమ్యులా (వాల్కనేర్, 1841) అని బ్రాకెట్లలో రాస్తారు. మొదటివాడు ఆ జాతిని ఇదే ప్రజాతిలో వర్ణించి ఉంటే బ్రాకెట్లుండవు. వేరే ప్రజాతిలో వర్ణించగా తర్వాతివాళ్లు ఇక్కడికి మార్చి ఉంటే బ్రాకెట్లు పడతాయి. అలంకారం కోసం పెట్టినవి కావు, తీసేస్తే అర్థం మారుతుంది. అన్నట్టు, జంతువుల నామకరణం మొత్తానికి మొదటి సంవత్సరం లినేయస్ పుస్తకం వేసిన 1758 అయితే, సాలీళ్లకు ఒక్కవాటికే ఏడాది ముందు, స్వీడన్‌వాడే అయిన కార్ల్ క్లర్క్ 1757లో వేసిన పుస్తకం నుంచి పేర్లు లెక్కలోకి వస్తాయి. నియమావళిలో వాటికిచ్చిన ప్రత్యేక మినహాయింపు ఇది.

ఏడో అంచె: ఎంత తెలిస్తే అంతే రాయడం

నా దృష్టిలో మంచి రికార్డుకూ చెత్త రికార్డుకూ తేడా ఇక్కడే. వీపు ఫోటో ఒక్కటే ఉండి, అయిదు మూలల ఉదరం, పసుపు పట్టీలు కనిపిస్తే రాయాల్సింది ఆర్జియోపి ఎస్‌పీ (జాతి తేలలేదని అర్థం) అని, లేదా అనసూజ, పుల్కెల్లా గుంపు అని. వీపు, కొలతలు అనసూజతో కలిసి, ఎపిగైన్ ఫోటో మసకగా ఉంటే ఆర్జియోపి సీఎఫ్ అనసూజ. సీఎఫ్ అంటే పోల్చి చూడాల్సినది అని. ఎపిగైన్ రెండు దిక్కుల నుంచి చూసి ప్రచురిత బొమ్మలతో కలిసినప్పుడే ఉత్త ఆర్జియోపి అనసూజ. జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటు లాంటి చోట్ల ఎక్కించేటప్పుడు కూడా ఎపిగైన్ ఫోటో తప్పకుండా జతచేయండి; వీపు ఫోటోకు నలుగురు ఒప్పుకున్నంత మాత్రాన అది రుజువు కాదు. ఆ నలుగురూ ఒకే తప్పు ఫోటోతో పోల్చి ఉండవచ్చు.

డీఎన్‌ఏ బార్‌కోడు చేయిస్తే తేలిపోతుంది కదా అని అడుగుతారు. సీఓఐ అనే జన్యువులో సుమారు 658 అక్షరాల ముక్కను చదివి, నిల్వ ఉన్న వాటితో పోల్చడమే ఆ పద్ధతి. ఉపయోగమే, ముఖ్యంగా పిల్లలకు, ఎపిగైన్ లేని నమూనాలకు. కానీ నిల్వలో ఉన్న అక్షరాల వరుసకు పుల్కెల్లా అని పేరు తగిలించింది కూడా ఒక మనిషే, బహుశా వీపు చూసే. ఎపిగైన్‌తో ఖాయం చేసిన నమూనా నుంచి వచ్చిన వరుసకే విలువ.

సీసాలో వేసే చీటీ ఇలా ఉండాలి: రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, ఎలాంటి చోటు, ఉదాహరణకు ‘వరిగట్టు, తుంగగడ్డి మీద, నేల నుంచి 60 సెం.మీ.’, పట్టినవారి పేరు, తర్వాత విడిగా రెండో చీటీలో జాతి పేరు, గుర్తించినవారి పేరు, గుర్తించిన సంవత్సరం. పేరు తర్వాత మారవచ్చు. అప్పుడు మూడో చీటీ వేయాలి తప్ప పాతదాన్ని తీసేయకూడదు.

దేనితోనూ కలవకపోతే

ఎదిగిన ఆడది, ఎపిగైన్ శుభ్రంగా కనబడుతోంది, కేటలాగ్‌లోని భారత, శ్రీలంక, మయన్మార్, ఆగ్నేయాసియా ఆర్జియోపిల బొమ్మలన్నీ తిరగేశారు, దేనితోనూ కలవలేదు. కొత్త జాతి అనే ముందు మూడు అనుమానాలు తీర్చుకోండి. విరిగిన ఎంబోలస్ ముక్క ఎపిగైన్ రూపాన్ని మార్చిందా. అది ఆర్జియోపి కాక జియానా. ఆడదాన్ని మాత్రమే వర్ణించిన జాతుల మగవి, మగదాన్ని మాత్రమే వర్ణించిన జాతుల ఆడవి ఇంకా ఎవరూ చూడనివి ఉంటాయి, ఇది వాటిలో ఒకటా.

అప్పటికీ నిలిస్తే, అదే చోట ఇంకొన్ని నమూనాలు, వీలైతే మగవి, అనుమతితో సేకరించాలి. 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం, కొత్త జాతికి ఏ నమూనా ఆధారమో, అంటే హోలోటైప్ ఏదో, వ్యాసంలో స్పష్టంగా చెప్పాలి. అది ఏ సంగ్రహంలో ఉంటుందో కూడా చెప్పాలి. ఫోన్‌లో ఉన్న అందమైన ఫోటో ఆ పని చేయదు. మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్తగా కనుగొన్న ఏ జాతినైనా ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారానికి తెలియజేసి నమూనాను అక్కడ జమచేయాలి. జంతువులకు సంబంధించి జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే. వ్యాసాన్ని ఆన్‌లైన్‌లో మాత్రమే వేసే పత్రికకు పంపుతుంటే, జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక జూబ్యాంక్‌లో ముందే నమోదై, ఆ నమోదు సంగతి వ్యాసంలోనే కనిపించాలి. లేకపోతే ఆ పేరు లెక్కలోకి రాదు.